ఎవరి కోసమూ కాని ఆట

"వదినా, అన్నయ్య సంవత్సరీకం కూడా కాలేదు. అప్పుడే ఆటలా?"

ఫోనులో ఈ మాట అన్నప్పుడు మా ఆడపడుచు గొంతులో కోపం లేదు, బాధ ఉంది. కోపమైతే నేనూ కోపంగానే ఏదో ఒకటి అనేసి ఫోను పెట్టేసేదాన్ని. బాధకు జవాబు చెప్పడం కష్టం. ఆమె అన్నను పోగొట్టుకుంది. నేను ముప్ఫై నాలుగేళ్ళు కలిసి బతికిన మనిషిని పోగొట్టుకున్నాను. ఆయన పోయిన ఏడో నెలలో ఒక ఆదివారం పొద్దున్న, గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో ఉన్న గోల్ఫ్ మైదానంలో కర్ర పట్టుకుని నిలబడ్డ నా ఫొటోను నా స్నేహితురాలు ఎవరికో పంపింది. అది నాలుగు చేతులు మారి మా ఆడపడుచు దగ్గరికి చేరింది. ఆ ఫొటోలో నేను నవ్వుతున్నాను. గోల్ఫ్ అంటే ఏమిటో ఆమెకి పెద్దగా తెలీదు. ఆమెని బాధపెట్టింది ఆ నవ్వు.

"నడక కోసం వెళ్తున్నా. డాక్టరు నడవమన్నాడు" అన్నాను. అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. ఫోను పెట్టేశాక నా మీద నాకే చిరాకు వేసింది. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, స్త్రీల స్వేచ్ఛ గురించి సభల్లో మాట్లాడినదాన్ని. "ఆడాలనిపించింది, ఆడాను" అనే చిన్న వాక్యం ఎందుకు నోట రాలేదు? నడకైతే ఒప్పుకుంటారు, అందులో ఆరోగ్యం ఉంది. ఆటకు అలాంటి సాకు ఏదీ లేదు. ఆడదాని ఆటకు సాకు ఎందుకు కావాలి? ఈ ప్రశ్న మా ఆడపడుచుది మాత్రమే అయితే నేనింత ఆలోచించేదాన్ని కాదు. అది నాలో కూడా ఉంది.

*

ఆయనకి రెండేళ్ళు డయాలిసిస్ జరిగింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని. పుస్తకం తీసుకెళ్ళేదాన్ని గానీ, పేజీ తిప్పిన గుర్తు లేదు. అక్కడ కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. భర్తల కోసం, కొడుకుల కోసం, అత్తమామల కోసం వచ్చినవాళ్ళు. లోపల మంచం మీద ఆడమనిషి ఉంటే బయట కూర్చునేది ఆమె కూతురో, చెల్లెలో. మగవాళ్ళు దించేసి వెళ్ళి మళ్ళీ తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళు. నేనేమీ లెక్కలు వేయలేదు. ఆ రెండేళ్ళు నా కళ్ళతో చూసిన సంగతి చెబుతున్నానంతే.

ఆయన పోయాక ఒక సోమవారం పొద్దున్న ఆరింటికి అలవాటుగా లేచి ఫ్లాస్కులో కాఫీ పోశాను. పోశాక గుర్తొచ్చింది, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని. ఆ క్షణంలో ఏడుపు వచ్చింది. దాని వెనకాలే, దానికి ఆనుకునే, ఒక తేలికదనం కూడా వచ్చింది. ఆ రెండోదాన్ని ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు.

చిన్ననాటి నుంచీ తెలిసిన స్నేహితురాలొకామె బ్యాంకులో రిటైరై గోల్ఫ్ నేర్చుకుంది. నన్ను ఇంట్లోంచి బయటికి లాగడానికి "ఊరికే వచ్చి కూర్చో" అంది. వెళ్ళాను. మొదటి నెల అంతా ప్రాక్టీసు చేసే చోటే. పది దెబ్బలు వేస్తే ఏడు గాలికి పోయేవి, రెండు నేలకి తగిలేవి. ఆ మిగిలిన ఒక్కటి మాత్రం లేచేది. బంతి బరువు 46 గ్రాములకి మించదు. సరిగ్గా తగిలినప్పుడు చేతికి బరువే తెలియదు. కోట గోడ మీదుగా వచ్చే ఎండలో అది పైకి లేచి, కాసేపు ఆగినట్టుండి, పచ్చిక మీద వాలుతుంది. ఆ నాలుగైదు సెకన్లలో నాకు భర్త లేడు, జబ్బు లేదు, వరండా లేదు, నేను కూడా లేను. ఆ ఫొటో తీసింది అలాంటి ఒక దెబ్బ తర్వాతే.

18 గుంటలూ పూర్తిగా ఆడితే నాలుగు గంటలకు పైనే పడుతుందని తెలిసినప్పుడు మనసు ఒక్కసారి ఆగిపోయింది. అవే నాలుగు గంటలు. ఒకటి ఇంకొకరి ప్రాణం కోసం. ఇంకొకటి దేనికోసమూ కాదు.

*

గోల్ఫ్ ఆడిన మొదటి స్త్రీ అని పుస్తకాల్లో తరచూ కనపడే పేరు స్కాట్లండ్ రాణి మేరీ స్టువర్ట్‌ది. ఆమె పేరు ఆటతో ఎలా ముడిపడిందో తెలుసుకున్నప్పుడు మా ఆడపడుచు గొంతే నాకు మళ్ళీ వినబడింది. మేరీ భర్త డార్న్‌లీ 1567 ఫిబ్రవరి 10న ఎడిన్‌బరోలో హత్యకు గురయ్యాడు. కొద్దిరోజులకే ఆమె సీటన్‌లో ఉన్న ప్రభువుల భవంతికి వెళ్ళింది. 1568లో ఆమె మీద విచారణ జరిగినప్పుడు శత్రువులు సిద్ధం చేసిన ఆరోపణల్లో ఇదీ ఒకటి: భర్త చచ్చిపోయిన కొద్దిరోజులకే ఆమె సీటన్ మైదానంలో గోల్ఫ్ ఆడింది. అంటే ఆమెకు దుఃఖం లేదు. దుఃఖం లేదంటే హత్యలో చెయ్యి ఉంది.

ఆమె నిజంగా ఆడిందో లేదో మనం చెప్పలేం. ఆ మాట ఆమెను పదవి నుంచి దించినవాళ్ళది. నాకు ముఖ్యంగా తోచింది ఆ తర్కం. హత్యకు సాక్ష్యం వెతుకుతున్నవాళ్ళు ఆమె ఆటను సాక్ష్యంగా తెచ్చారు. కత్తి దొరికితే కత్తి చూపించేవాళ్ళు. కత్తి లేదు కాబట్టి కర్ర చూపించారు. భర్త పోయిన స్త్రీ శరీరం ఎలా ఉండాలో అందరికీ ముందే తెలుసు: చీకటి గదిలో, నల్లబట్టల్లో, కదలకుండా. ఆ శరీరం బయటికి వచ్చి చేతులెత్తి బంతిని కొట్టిందంటే ఏదో నేరం ఉన్నట్టే. మరణానికి సంతాపం తెలపడం భార్య పని. ఆ పని ఆమె సరిగ్గా చేస్తోందో లేదో చూడడం మిగతా అందరి పని.

మనకి ఇది కొత్త కాదు. మూలన కూర్చోబెట్టడాలు, రంగుచీరలు తీయించడాలు, పేరంటాలకి పిలవకపోవడాలు, ఎదురొస్తే ఆగిపోవడాలు. మా తరంలో వీటిలో చాలావాటిని తిప్పికొట్టాం. నేను బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. మా ఆడపడుచే దగ్గరుండి "ఉంచుకో వదినా" అంది. ఆమెను నేను పాతకాలం మనిషి అనలేను. బొట్టు ఒప్పుకుంది, రంగుచీర ఒప్పుకుంది, ఒంటరిగా ఉంటానంటే ఒప్పుకుంది. నవ్వు మాత్రం ఒప్పుకోలేకపోయింది. ఆచారం పోయాక కూడా అది కాపలా కాసిన భావం మిగిలే ఉంటుంది. దుఃఖానికి కొలత భార్య ముఖంలోనే ఉందన్న భావం.

ఆమె వైపు నుంచి కూడా ఆలోచించాలి. అన్న పోయాక అన్న గుర్తులు ఇంకెక్కడ ఉంటాయి? నాలోనే. నేను నవ్వితే ఆయన ఇంకొంచెం పోయినట్టు ఆమెకి అనిపించి ఉంటుంది. అది అణచివేత అని కొట్టిపారేస్తే ఆమె ప్రేమను అవమానించినట్టే. అయితే ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరి ముఖం మీద శాశ్వతంగా నిలిపి ఉంచే హక్కు ప్రేమకి ఉందా? నేను పోయి, ఆయన మిగిలి, ఏడో నెలలో స్నేహితులతో పేకాట ఆడితే ఇదే చెల్లెలు ఏమనేది? "పోనీలే, కాస్త మనుషుల్లో పడ్డాడు" అనేది. ఆ మాటలోనూ ప్రేమే ఉండేది. ఒకే ప్రేమ ఆయనని గుమ్మం దాటిస్తుంది, నన్ను గుమ్మం దగ్గర ఆపుతుంది.

*

మన ఆడపిల్లలు ఆటలాడరని ఎవరూ అనలేరు. తొక్కుడుబిళ్ళ, అచ్చంగిల్లాలు, వామనగుంటలు, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు. కానీ ఆ ఆటల్లో గుజ్జనగూళ్ళు వంటింటికి తయారీ, బొమ్మల పెళ్ళి అత్తింటికి తయారీ. పెద్దమనిషి అయ్యాక వీధిలో ఆట ఆగిపోతుంది. మళ్ళీ ఆట దొరికేది నోముల్లోనే. అట్లతద్దినాడు తెల్లవారకముందే లేచి, ముద్ద తిని, ఊయల ఊగి, వీధులన్నీ తిరిగి ఆడుకుంటాం. ఎందుకయ్యా అంటే మంచి మొగుడు రావాలని, వచ్చిన మొగుడు చల్లగా ఉండాలని. బతుకమ్మలో ఆట ఉంది, పాట ఉంది, పూలున్నాయి. తొమ్మిది రోజులు ఊరి నడిబొడ్డు ఆడవాళ్ళది. ఆ పాటల్లో ఎంత జీవితం ఉందో, ఆ చప్పట్లలో ఎంత బలం ఉందో నాకు తెలుసు. అయినా పసుపుకుంకుమల దగ్గరికి వచ్చేసరికి ఎవరు ముందు నిలబడాలో, ఎవరు వెనక్కి జరగాలో చాలా ఊళ్ళలో మాటల్లేకుండానే తేలిపోతుంది.

అంటే మనకి ఆట దొరికింది గానీ ఇంకొకరి పేరు మీద దొరికింది. రేషన్‌కార్డు ఇంటిపెద్ద పేరు మీద ఉన్నట్టు. ఆ పేరున్న మనిషి పోతే ఆట కూడా పోతుంది. అందుకే భర్త పోయిన స్త్రీ ఆడితే అంత వింతగా ఉంటుంది. ఆమె ఎవరి క్షేమం కోసం ఆడుతున్నట్టు?

గోల్ఫ్ నన్ను పట్టుకోవడానికి కారణం ఇదేనేమో. దాన్ని ఎంత తిప్పి చూసినా ప్రయోజనం కనిపించదు. దేవుడు లేడు, ఫలశ్రుతి లేదు. చిన్న బంతిని దూరంగా ఉన్న చిన్న గుంటలో వేయాలి. వేశాక మళ్ళీ తీసి ఇంకో గుంట దగ్గరికి వెళ్ళాలి. మనిషికి ప్రయోజనం లేని పని చేసే హక్కు ఉందనుకుంటేనే ఇది సాధ్యం. మగవాళ్ళకి ఆ హక్కు ఉందని ఎవరూ వాదించనక్కర్లేదు. అరుగుల మీద పులిజూదం, చెట్టు కింద పేకాట, టీ బండి దగ్గర గంటలకొద్దీ కబుర్లు. అవి వాళ్ళ పుట్టుకతో వచ్చాయి. ఆడదాని తీరికకు మాత్రం చేతిలో అల్లికో, ఒళ్ళో చిక్కుడుకాయలో ఉండాలి.

*

ఈ ఆటను స్వేచ్ఛాగీతంగా పాడడానికి నేను సిద్ధంగా లేను. దాని చరిత్ర అలాంటిది కాదు. 1890లో ఇంగ్లండులో బాడ్మింటన్ లైబ్రరీ వరుసలో గోల్ఫ్ మీద ఒక గ్రంథం వచ్చింది. అందులో లార్డ్ వెల్‌వుడ్ అనే ఆయన స్త్రీల దెబ్బ 70, 80 గజాలు దాటకుండా ఉంటే మంచిదని రాశాడు. అంతకుమించి కొట్టే శక్తి వాళ్ళకి లేదని ఆయన అనలేదు. కొట్టాలంటే కర్రను భుజం పైకి ఎత్తాలి, ఆ భంగిమ స్త్రీ దుస్తులకు పొసగదు అన్నాడు. శక్తి ఉందని ఒప్పుకుంటూనే చెయ్యి ఎంత ఎత్తు లేవాలో గీత గీశాడు. ఇంతకన్నా సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ.

ఆ మాట వచ్చిన మూడేళ్ళకి, 1893లో, అక్కడి స్త్రీలు తమ సొంత సంఘం లేడీస్ గోల్ఫ్ యూనియన్ పెట్టుకున్నారు. దాన్ని నడిపించిన ఇసెట్ పియర్సన్, ఆమె సహచరులు దేశమంతటికీ వర్తించే హ్యాండికాప్ పద్ధతిని తయారుచేశారు. అప్పటికి మగవాళ్ళ క్లబ్బుల్లో ఎవరి లెక్క వారిది. హ్యాండికాప్ అంటే ఏమిటో చెప్పాలి. ఒకామె ఒక మైదానాన్ని 72 దెబ్బల్లో పూర్తి చేస్తుంది, నాలాంటిది 110 తీసుకుంటుంది. ఇద్దరూ ఒకచోట పోటీపడాలంటే బలహీనంగా ఆడే ఆమెకు కొన్ని దెబ్బలు మినహాయించి లెక్కకడతారు. 2020లో వచ్చిన ప్రపంచ పద్ధతి ప్రకారం ఈ సూచిక గరిష్ఠంగా 54 దాకా ఉండొచ్చు, స్త్రీలకైనా పురుషులకైనా. దీన్ని ఎవరూ దయ అనరు. ఎవరూ "మెరిట్ చచ్చిపోయింది" అని ఏడవరు. ఇది లేకపోతే ఆట అన్యాయమని అందరూ ఒప్పుకుంటారు.

మన దేశంలో గోల్ఫ్ ఆడే వర్గాల ఇళ్ళలోనే రిజర్వేషన్ల మీద ఎక్కువ గొణుగుడు వినిపిస్తుంది. ఆదివారం పొద్దున్న 18 దెబ్బలు మినహాయింపు తీసుకుని గెలిచిన పెద్దమనిషి, సాయంత్రం టీవీ ముందు ప్రతిభ గురించి బాధపడతాడు. అయితే ఈ పోలిక ఒక దూరం వరకే నడుస్తుంది. హ్యాండికాప్ మైదానంలోకి వచ్చేసినవాళ్ళ మధ్య లెక్క. రిజర్వేషన్ ఎవరిని మైదానంలోకే రానివ్వలేదో వాళ్ళ లెక్క. రెండోది చాలా పెద్దది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1754లో మొదలైన రాయల్ అండ్ ఏన్షియెంట్ క్లబ్ స్త్రీలకి సభ్యత్వం ఇవ్వడానికి ఓటు వేసింది 2014 సెప్టెంబరు 18న. 260 ఏళ్ళు. 2016లో మ్యూర్‌ఫీల్డ్ క్లబ్ ఓటింగులో కావలసిన మూడింట రెండు వంతులు రాలేదు. వద్దన్నవాళ్ళు చెప్పిన కారణాల్లో స్త్రీలు వస్తే ఆట నెమ్మదిస్తుందన్నదీ ఒకటి. మరుసటి ఏడాది మళ్ళీ ఓటింగు పెట్టి ఒప్పుకున్నారు.

ఈ చరిత్రలో నాకు బాగా ఇష్టమైన మనిషి మార్గరెట్ ఆబట్. 1878లో కలకత్తాలో పుట్టిన అమెరికన్. 1900లో పారిస్‌లో చదువుకుంటూ ఒక గోల్ఫ్ పోటీ జరుగుతోందని తెలిసి వెళ్ళి ఆడింది. తొమ్మిది గుంటల్ని 47 దెబ్బల్లో పూర్తిచేసి గెలిచింది. అదే పోటీలో వాళ్ళమ్మ మేరీ ఆబట్ కూడా ఆడింది. అది ఒలింపిక్స్ పోటీ అని మార్గరెట్‌కి తెలీదు. 1955లో చనిపోయేదాకా తాను ఒలింపిక్ విజేతనని తెలియకుండానే బతికింది. దీన్ని అందరూ చరిత్ర చేసిన అన్యాయంగా చెబుతారు, అదీ నిజమే. కానీ తల్లీకూతుళ్ళు ఒక మధ్యాహ్నం ఎవరికోసమూ కాకుండా ఆడుకుని ఇంటికి వెళ్ళిపోయిన దృశ్యం కూడా అందులో ఉంది. నాకు అదే ఎక్కువగా గుర్తుంటుంది.

*

ఇంతవరకూ నా హక్కు గురించే మాట్లాడాను. నిలబడ్డ నేల గురించి కూడా మాట్లాడాలి.

నయా ఖిలా అంటే కొత్త కోట. 1656లో ఔరంగజేబు, అప్పటికింకా చక్రవర్తి కాలేదు, దక్కన్ సుబేదారుగా గోల్కొండను ముట్టడించాడు. ఆ ముట్టడి తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా కోటకి ఈశాన్యాన ఉన్న ఈ నేలని కూడా కలుపుకుని గోడ కట్టించాడు. ఆ లోపల హాతియాఁ కా ఝాడ్ అనే చెట్టుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన బావొబాబ్ జాతి. మొదలు చుట్టుకొలత 27 మీటర్ల పైమాటే. దాన్ని చూస్తే చెట్టులా ఉండదు, కూర్చున్న ఏనుగుల మందలా ఉంటుంది.

ఆ ముట్టడిని ఆపిన సంధి మాటలు నడిపింది హయాత్ బక్షీ బేగం. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, ఆయన తర్వాతి సుల్తాను భార్య, అబ్దుల్లా తల్లి. 1626లో భర్త పోయేటప్పటికి కొడుకు చిన్నపిల్లాడు. రాజ్యం ఆమె చేతుల మీదుగా నడిచింది. 1656లో కోటలోంచి బయటికి వచ్చి ఔరంగజేబును కలిసింది. హయాత్‌నగర్ ఆమె పేరే. మాసాబ్ ట్యాంక్ అంటున్నది మా సాహెబా చెరువు, అదీ ఆమె పేరే. బస్సులో రోజూ ఆ పేరు పలుకుతూ ఒక విధవరాలిని తలుచుకుంటున్నామని మనకి గుర్తుండదు.

ఆమె కథ నన్ను గర్వపడనిచ్చి మళ్ళీ ఆపేస్తుంది. ఆ సంధిలో భారీగా డబ్బు ఉంది, దాంతోపాటు ఒక పెళ్ళి ఉంది. అబ్దుల్లా కూతుర్ని, అంటే బేగం మనవరాలిని, ఔరంగజేబు పెద్దకొడుకు మహమ్మద్ సుల్తాన్‌కి ఇచ్చారు. పిల్లని అడిగి చేసే ఒప్పందాలు కావవి. ఒక స్త్రీ గడప దాటి రాజ్యాన్ని నిలబెట్టింది. ఆ నిలబెట్టిన ధర ఇంకో ఆడపిల్ల చెల్లించింది. మనలో ఒకరం గడప దాటినప్పుడు ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందని అడక్క తప్పదు.

నా ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది? 18 గుంటల మైదానానికి వంద ఎకరాలకు అటూ ఇటూ నేల కావాలి. ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండాలంటే నీళ్ళు కావాలి. మా వీధిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే ఊరు ఇది. కంచె లేనిదే ఆట సాగదు, బంతి తగిలితే మనిషి తల పగులుతుంది. కంచె ఉంటే ఎవరో ఒకరు బయట ఉన్నట్టే. ఇది ఈ ఒక్క మైదానం సంగతి కాదు. ప్రపంచంలో ఎక్కడైనా ఈ ఆట ఇంత నేలనీ, ఇంత నీటినీ, ఇంత మంది శ్రమనీ అడుగుతుంది.

ఆ శ్రమ చేసేవాళ్ళలో ఒకామెతో మాట్లాడాను. పచ్చిక అంచున గొంతుక్కూచుని కలుపు తీస్తోంది. వయసు నాకంటే పదేళ్ళు తక్కువ ఉంటుంది, చూడ్డానికి పదేళ్ళు ఎక్కువ.

"గది కొడితే ఏమొస్తది మేడం?" అంది.

"ఏమీ రాదు."

"ఏమీ రానిదానికి గింత దూరం నడుస్తరా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. చిన్నప్పుడు ఏం ఆడేవారని అడిగాను.

"బతుకమ్మ ఆడుతుంటి. నేను పాట ఎత్తుకుంటే మూడు వాడలోల్లు కూడుతుండె. మా ఆయన పోయి ఆరేండ్లాయె. గప్పటి సంది పూలు తెంపి తెస్త, పేర్చి ఇస్త, దూరంకెల్లి చూస్త."

నాకు ఏం చెయ్యాలో తోచలేదు. చేతిలో ఉన్న కర్ర చాపి "ఒకసారి కొట్టి చూస్తారా?" అన్నాను. అనగానే నా మీద నాకు సిగ్గేసింది. ఆమెకి వేయలేదు.

"నాకెందుకమ్మా గది. నీ ఆట నువ్వు ఆడుకో. నాకు ఆడాలనుంటే గీ కట్టె గాదు. నా బతుకమ్మ నాకు గావాలె."

ఇంటికొచ్చాక చాలా రోజులు ఆ మాటనే నమిలాను. మంచి మనసుతో నా సంతోషంలోంచి చిన్న ముక్క తుంచి ఇవ్వబోయాను. ఆమె అడిగింది ముక్క కాదు, ఆమెనుంచి లాక్కున్నది తిరిగి రావడం. అది నా చేతిలో లేదు, ఏ గోల్ఫ్ మైదానం చేతిలోనూ లేదు. వాళ్ళ వాడలో, వాళ్ళ అక్కచెల్లెళ్ళ మధ్య, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. ఆమె, నేను ఒకే గోడ పక్కన ఒకే పొద్దున ఉన్నాం. ఇద్దరం భర్తలు పోయినవాళ్ళమే. నాకు డబ్బుంది, పెన్షనుంది, కారున్న స్నేహితురాలుంది. కాబట్టి ఒక ఆట మూసుకుపోతే ఇంకో ఆట కొనుక్కోగలిగాను. నేను నా తిరుగుబాటు అనుకున్నదాంట్లో సగం నా ఆదాయం.

అయితే ఆట మానేయాలా? కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. మానేసి చూశాను కూడా, మూడు వారాలు. ఆ మూడు వారాల్లో ఆమెకేమీ ఒరగలేదు. ఇంట్లో కూర్చుని మంచిదాన్నయ్యానన్న తృప్తి నాకు మిగిలింది. ఆడవాళ్ళకి త్యాగం అంత సులువుగా అబ్బుతుంది కాబట్టే దాన్ని నీతి అనుకోవడానికి నేను జంకుతున్నాను. నేను వదులుకుంటే ఆమెకి చేరేదైతే వదులుకోవడం ధర్మం. చేరనప్పుడు అది పాత అలవాటే, కొత్త బట్ట కట్టుకుని వచ్చింది. ఆమె మాటల్లో నాకు అందిన పని వేరే. మా అపార్ట్‌మెంటులో బతుకమ్మ ఆడతారు. ఇరవై ఏళ్ళుగా నేనూ ఆ గుండ్రంలో ఉన్నాను. ఎవరెవరు అంచున నిలబడ్డారో ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. ఈసారి అంచున నిలబడాల్సినదాన్ని నేనే కాబట్టి ఆ చోటు కనిపించింది. ఆ చోటు గురించి మాట్లాడాలంటే ముందు నేను అంచు దాటి లోపలికి నడవాలి, నాతోపాటు ఇంకొందరిని పిలవాలి. గోల్ఫ్ కర్ర చాపడంకన్నా అది కష్టమైన పని. అక్కడ నన్నెవరూ మేడం అనరు.

*

ఈ ఆటలో నాకు నచ్చిన నియమం ఒకటుంది. మామూలుగా ఆడేటప్పుడు అంపైరు ఉండడు. ఎవరి దెబ్బలు వాళ్ళే లెక్కపెట్టుకోవాలి. బంతికి తగలకుండా గాలిలో పోయినా సరే, కొట్టాలన్న ఉద్దేశంతో ఊపితే అదీ ఒక దెబ్బే. చెట్ల వెనక ఎవరూ చూడని చోట వేసినదీ దెబ్బే. కార్డు మీద రాయాల్సిందే.

ఆయన సంవత్సరీకం అయిపోయింది. ఆ రోజు వంటింట్లో మా ఆడపడుచు, నేను ఇద్దరమే ఉన్నప్పుడు లెక్క చెప్పాను. నడక కోసం వెళ్ళలేదని, ఆట కోసమే వెళ్ళానని చెప్పాను. ఆ ఫ్లాస్కు సంగతి చెప్పాను. ఏడుపు గురించి చెప్పాను, దాని పక్కనే వచ్చిన తేలికదనం గురించి కూడా చెప్పాను. ఆయన మీద ప్రేమ లేక కాదు, ఆ రెండేళ్ళు నేనూ కొంచెం కొంచెం చచ్చిపోతూ వచ్చానని, ఆ సంగతి ఎవరూ అడగలేదని చెప్పాను.

ఆమె చాలాసేపు గిన్నెలు తుడుస్తూ ఉంది. నన్ను క్షమించిందో లేదో తెలీదు. నేను క్షమాపణ అడగలేదు కూడా. చివరికి, "అమ్మ పోయినప్పుడు నాకూ అలాగే అనిపించింది వదినా. పదకొండేళ్ళు మంచంలో ఉంది కదా. ఎవరికీ చెప్పలేదు" అంది.

ఇద్దరం మిగతా గిన్నెలు తుడిచి లోపల పెట్టాం.